ఓముర్జాక్ మామ వంతు

మా ఊరికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్ళయింది. వచ్చిన మర్నాడే మా అత్తగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ ఊళ్ళో నేను నోటితో పలకకూడని పేర్లన్నీ వరసగా చెప్పింది. మా ఆయన వైపు పెద్దవాళ్ళందరూ అందులో ఉన్నారు. కొండల మధ్య మా ఊరు తెరెక్-బులాక్‌లో ఉన్నవే తొంభై ఇళ్ళు. వాటిలో సగం మా ఆయన చుట్టాలవే. అలా నాకు సగం ఊరికి పేర్లు లేకుండా పోయాయి. పొడుగు మామ, నీలం గేటు అత్త, తేనెటీగల బావగారు అని ఏదో ఒకటి కల్పించుకుని నెట్టుకొస్తున్నాను.

ఇంటిపట్టున ఉండే కోడలికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. నాకలా కుదరదు. ఊరి ఆరోగ్య కేంద్రం నా చేతిలో ఉంది. రెండు గదులు, ఒక బొగ్గు పొయ్యి, ఒక మంచం, మందుల బీరువా, నేను. నేను డాక్టర్ని కాను. నర్సు కంటే ఒక మెట్టు పైన, డాక్టరు కంటే చాలా మెట్లు కింద. కాన్పయినా, కాలు బెణికినా మొదట నా దగ్గరికే వస్తారు. ఏటా వసంతంలో జిల్లా నుంచి ఒక కాగితం వస్తుంది. నలభై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ చూసి, రాసి పంపమని. నేను జాబితా పట్టుకుని గుమ్మంలో నిలబడతాను. పిలవగలిగిన పేర్లు పిలుస్తాను. పిలవలేనివాళ్ళని చెయ్యూపి రమ్మంటాను.

చెయ్యూపితే రాని మనిషి ఒకరే. ఓముర్జాక్ మామ. రాతకి ఆ నియమం లేదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఆయన మా మామగారి పినతండ్రి కొడుకు. అరవై ఏడేళ్ళు. ముప్పై ఎనిమిదేళ్ళు పశువుల డాక్టరుగా చేసి ఉద్యోగం నుంచి దిగిపోయాడు గానీ, పని నుంచి దిగలేదు. మా లోయలో ఏ మంద ఎప్పుడు టీకా వేయించుకుందో, ఏ గుర్రానికి ఏ పన్ను కదులుతోందో ఆయనకి కంఠతా వచ్చు. టీకాల రోజున ఎవడైనా రెండు గొర్రెల్ని ఎగ్గొట్టి కొండవెనక దాచాడా, సాయంత్రంలోగా గుర్రమేసుకుని పోయి పట్టుకొస్తాడు. అంతటి మనిషి తన చేతికి నా బీపీ పట్టీ ఆరేళ్ళు తగలనివ్వలేదు.

"మామా, ఒక్క నిమిషం రండి" అనేదాన్ని, ఆయన గుర్రం మీద మా గుమ్మం ముందు నుంచి పోతుంటే.

ఆయన గుర్రాన్ని ఆపి అటూ ఇటూ చూసేవాడు. "ఎవర్ని పిలుస్తున్నావు కోడలా? ఈ వీధిలో మీ మామలు పదిమంది ఉన్నారు."

"మిమ్మల్నే."

"నన్నే అయితే పేరు పెట్టి పిలువు. నాకో పేరుంది. మా నాన్న పొట్టేలుని కోసి మరీ పెట్టాడు."

వీధి అరుగుల మీద కూర్చున్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. నా చెవులు ఎర్రబడేవి. ఆయన మీసం దువ్వుకుని, "చూశావా, నన్ను కాదు పిలిచింది" అని గుర్రంతో చెప్పి వెళ్ళిపోయేవాడు. నేను జాబితాలో ఆయన పేరు పక్కన "రాలేదు" అని రాసేదాన్ని. ఆరేళ్ళలో ఆరు "రాలేదు"లు.

ఆయన భార్య బురుల్చా అత్త మాత్రం నా పక్షం. మా పెరడుకీ వాళ్ళ పెరడుకీ మధ్య నడుం ఎత్తు గోడ ఒకటే అడ్డం. రోజూ పొద్దున్న వాళ్ళింట్లో టీ తాగకపోతే నాకు తెల్లవారినట్టుండదు. అత్త టీ తాగడం చూడాల్సిందే. నేను ఒక గిన్నె తాగేలోగా తను నాలుగు. "అత్తా, మీ ఇంటికి ఏరు మళ్ళించాలి" అని వేళాకోళం చేసేదాన్ని. తను నవ్వి ఐదోది పోసుకునేది.

"ఈయన గొర్రె తుమ్మితే లేచి కూర్చుంటాడు అమ్మాయ్" అనేది. "తనకి తలనొప్పి వస్తే మాత్రం గాలి మారిందంటాడు. మూడు నెలలుగా ఈ ఇంట్లో గాలి మారుతూనే ఉంది."

"తలనొప్పి ఎవరికి?" అని లోపల్నుంచి కేక. "నీ మాటలు వింటే రాయికైనా వస్తుంది."

నిజం చెప్పాలంటే తప్పంతా ఆయనదే కాదు. మా ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళ్ళడమంటే నూట పది కిలోమీటర్లు, మధ్యలో ఒక కనుమ. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అది ఎప్పుడు మూస్తారో, ఎప్పుడు తెరుస్తారో మంచుకే తెలియాలి. మా ఊరి తాలాయ్ నడిపే జీపు తెల్లవారుజామున బయల్దేరుతుంది. అదీ ఆరుగురు నిండితేనే. జిల్లా కేంద్రానికి చేరేసరికి పది దాటుతుంది. అక్కడ డాక్టరు చీటీలు తొమ్మిదికే అయిపోతాయి. ఏడాదికి రెండుసార్లు డాక్టరే మా ఊరికి రావాలని కాగితం మీద ఉంది. ఆ కాగితం వచ్చిన తర్వాత డాక్టరు వచ్చింది ఒక్కసారి. అందుకని ఒళ్ళు బాగాలేకపోతేనే వెళ్తారు. ఒళ్ళు బాగున్నవాడు డాక్టరు దగ్గరికి బయల్దేరితే, వీడికి తలే బాగాలేదనుకుంటారు.

పోయిన జూన్‌లో నాకొక ఆలోచన వచ్చింది. మందలన్నీ కొండమీది పచ్చికలకి ఎక్కాయి. మనుషులూ వాటితోనే వెళ్ళారు. నా జాబితాలో సగం మంది అక్కడ గుడారాల్లో ఉన్నారు. ఓముర్జాక్ మామ టీకాల పెట్టె సర్దుకుంటుంటే గోడ మీద నుంచి అడిగాను.

"మామా, ఈసారి నేనూ వస్తాను. మీరు గొర్రెల్ని చూడండి, నేను కాపరుల్ని చూస్తాను."

ఆయన కళ్ళు మెరిశాయి. తన పని విలువ ఇన్నాళ్ళకి ఒకరు గుర్తించినట్టు చూశాడు. "గొర్రెలు వరసలో నిలబడతాయి కోడలా. మనుషులు నిలబడరు. నువ్వు వట్టి మెత్తనిదానివి. నేను నిలబెడతాను, చూస్తూ ఉండు."

నిలబెట్టాడు కూడా. జక్షిలిక్ అనే కాపరి గుడారం దగ్గర చుట్టుపక్కల ఏడు గుడారాలవాళ్ళని పోగేశాడు. ఒక పక్క గొర్రెల దడి, ఇంకో పక్క నా ముక్కాలి పీట. గొర్రెకి సూది గుచ్చుతూనే మనుషుల మీద అరిచేవాడు.

"వరస! వరస తప్పకండి! ఏయ్, నువ్వెక్కడికి? నీ గొర్రె కంటే నీకే బుద్ధి తక్కువా?"

జక్షిలిక్ తలుపంత మనిషి. తోడేలుని కర్రతో తరిమినవాడు. నా చేతిలో పట్టీ చూసి మాత్రం రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకేమీ లేదు అక్కా. ఎద్దులా ఉన్నాను."

"ఎద్దుని కూడా ఏటా చూస్తాను నేను" అన్నాడు ఓముర్జాక్ మామ, దడి మీద నుంచి. "నీ మందలో ఒక గొర్రె దగ్గితే, సిగ్నల్ కోసం గుట్టెక్కి మరీ నాకు ఫోన్ చేస్తావు. మొన్న నీకు కళ్ళు తిరిగి గుర్రం మీద నుంచి పడ్డావట, ఎవరికి చేశావు?"

"అది గుర్రం తప్పు."

"గుర్రం నీ గురించి అదే చెబుతోంది. కూర్చో! రోగం ముదిరాక వేసే టీకా గొర్రెకి పనికిరాదురా, తోలు కొనేవాడికి పనికొస్తుంది. ఎన్నిసార్లు చెప్పాను? ఒంట్లో బాగున్నప్పుడే చూపించుకోవాలి!"

జక్షిలిక్ కూర్చున్నాడు. అతనికి బాగానే ఉంది, కొంచెం రక్తం తక్కువ. మధ్యాహ్నానికి ముప్పై ఒక్క మందిని చూశాను. జాబితాలో ఇన్ని గళ్ళు ఒక్క రోజులో నిండడం నా ఉద్యోగంలో ఎప్పుడూ లేదు. మామ చేతులు కడుక్కుని, గుడారం నీడలో కూర్చుని, ఒక గిన్నెడు పులిసిన గుర్రపు పాలు గటగటా తాగాడు. జేబులోంచి ఉప్పు పెరుగు ఉండ తీసి బుగ్గన పెట్టుకున్నాడు. "అయ్యారా అందరూ?" అన్నాడు.

"ఒకరు మిగిలారు" అన్నాను.

"ఎవరు? పేరు చెప్పు, ఇప్పుడే లాక్కొస్తాను."

నేను నోరు విప్పలేదు. విప్పకూడదు. చుట్టూ ఉన్న ముప్పై ఒక్క మందికీ విషయం అర్థమైంది. అందరూ మూతులు బిగించుకుని నేల చూస్తున్నారు. అప్పుడు గుడారం లోపల్నుంచి, పరుపుల దొంతికి ఆనుకుని కూర్చున్న జక్షిలిక్ వాళ్ళ అమ్మ, కుమిష్ అవ్వ గొంతు విప్పింది. ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు. మా లోయలో ఎవర్నైనా పేరు పెట్టి పిలిచే హక్కు పూర్తిగా ఉన్న మనిషి.

"ఒరేయ్ ఓముర్జాక్!"

మామ నోట్లో ఉండ ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకి మారింది.

"పేరు పెట్టి పిలిస్తే వస్తానన్నావటగా? నిన్నే. ఓముర్జాక్! నా కొడుకుని తిట్టి కూర్చోబెట్టావు. ఇప్పుడు నువ్వు కూర్చో."

నవ్వులు కొండకి కొట్టుకుని వెనక్కొచ్చాయి. మామ లేచాడు, టోపీ సర్దుకున్నాడు, పారిపోవడానికి గుర్రం ఎంత దూరంలో ఉందో ఒకసారి చూసుకున్నాడు. చివరికి నా పీట ముందు కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. నేను పట్టీ చుట్టాను. గాలి కొట్టాను. ముల్లు దిగుతుంటే చూశాను. పట్టీ విప్పి రెండో చేతికి చుట్టాను. పది నిమిషాలు ఆగి మళ్ళీ చూశాను. మూడుసార్లూ పైది రెండు వందల పదికి తగ్గలేదు. కిందది నూట ఇరవై.

"ఎంత?" అన్నాడు.

చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. మనుషులకి ఎంత ఉండాలో ఆయనకీ తెలుసు.

"నీ మెషిన్ పాడైంది" అన్నాడు.

జక్షిలిక్‌కి మళ్ళీ చూశాను. నూట ఇరవై ఐదు. కుమిష్ అవ్వకి చూశాను. నూట ముప్పై. మామ తన గుర్రం వైపు చూశాడు. దానికి కూడా చూడమంటాడేమోనని నిజంగా భయపడ్డాను.

నాలుక కింద పెట్టుకోవడానికి మాత్ర ఇచ్చాను. గుడారం తాడు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

"నాకు నొప్పేమీ లేదు కదా" అన్నాడు కాసేపటికి, చిన్న గొంతుతో.

"మీరు పొద్దున్న టీకా వేసిన గొర్రెల్లో ఎన్ని నొప్పి ఉందని చెప్పాయి మామా?"

ఆయన నా వైపు చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు.

గుట్టెక్కి జిల్లా కేంద్రంలో మా డాక్టరుకి ఫోన్ చేశాను. చోల్పోనాయ్ అనే చిన్న వయసు అమ్మాయి. కిందటి ఏడే వచ్చింది. పదకొండు ఊళ్ళకి ఆమె ఒక్కతే. రోజూ వేసుకోవలసిన మాత్ర పేరు చెప్పి, వెంటనే పంపమంది. రక్తం, మూత్రం, గుండె అన్నీ చూడాలంది.

ఆ వెంటనే పంపడానికి నెల పట్టింది.

మొదటిసారి మామ ఒక్కడే వెళ్ళాడు. అక్కడికి చేరేసరికి డాక్టరుని రాజధానిలో శిక్షణకి పంపారట, వచ్చే మంగళవారం రమ్మన్నారు. మంగళవారం వెళ్ళాడు. చీటీల కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి దస్త్రాలన్నీ వెతికి, మీ పేరు మా దగ్గర లేదు, పాత సర్కారు ఉమ్మడి వ్యవసాయం రోజుల్లో మిమ్మల్ని పక్క జిల్లాలో రాశారు, అక్కడి నుంచి కాగితం తెచ్చుకోండి అంది. ఆ సాయంత్రం మామ జీపు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"నేను లేనట కోడలా" అన్నాడు బెంచీ మీద కూలబడుతూ. "నా పేరు లేదట. నువ్వు పలకవు, వాళ్ళు రాయరు. మరి ఈ బీపీ ఎవరిది?"

"కాగితం నేను తెప్పిస్తాను మామా."

"గొర్రెకి ఈ బాధ లేదు. చెవికి ముద్ర వేస్తే అయిపోతుంది. డాక్టరు మంద దగ్గరికి నడిచొస్తాడు. నేను ముప్పై ఎనిమిదేళ్ళు నడిచాను. ఒక్క గొర్రెనైనా చీటీ తెమ్మన్నానా?"

ఇక నేను పోనుగాక పోను అన్నాడు. మాత్ర మాత్రం బురుల్చా అత్త రోజూ రొట్టెతో పాటు చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేది.

కాగితం తెప్పించాను. దాని కథ రాస్తే ఇంకో కథ అవుతుంది. మళ్ళీ చోల్పోనాయ్‌కి ఫోన్ చేశాను.

"బుధవారం మధ్యాహ్నం పంపండి. చీటీ అక్కర్లేదు, నేనే చూస్తాను" అంది. "ఒంటరిగా మాత్రం పంపొద్దు అక్కా. ఇంట్లోవాళ్ళు ఎవరైనా వెంట రావాలి. మగవాళ్ళు సగం విషయాలు చెప్పరు."

ఈ మాట చెబితే బురుల్చా అత్త మొహం వెలిగిపోయింది. "సగమా? నేను మొత్తం చెబుతాను" అంది. పోనన్న మామ మాట ఎవరూ వినలేదు. మంచి కోటు వేసుకుంది, కొత్త రుమాలు కట్టింది, దారికి రొట్టెలూ, జామూ, రెండు ఫ్లాస్కుల టీ సర్దింది. పిల్లల టీకాలు తెచ్చుకోవలసి ఉండి నేనూ వాళ్ళతో బయల్దేరాను. దారిపొడవునా అత్త, డాక్టరుతో చెప్పవలసినవి వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూనే ఉంది. ప్రతి పది కిలోమీటర్లకీ జీపు ఆపించి దిగుతూనే ఉంది. "మీ ఆవిణ్ణి కనుమ మీద వదిలేద్దామా పెద్దాయనా?" అన్నాడు తాలాయ్. "వదిలెయ్, దారి తెలుసుగా, నడిచొస్తుంది" అన్నాడు మామ.

డాక్టరు గదిలో అత్త మాట్లాడింది, మామ మాట్లాడలేదు. తలనొప్పులు, ఉప్పు ఉండలు, గొర్రె కొవ్వు, పక్క మీద గురక, ముప్పై ఏళ్ళ కిందట గుర్రం తన్నిన మోకాలు, ఏదీ విడిచిపెట్టలేదు. చోల్పోనాయ్ రాసుకుంది. మామ గుండె చప్పుడు వింది, ఛాతీకి తీగలు అతికించి కాగితం తీయించింది, రక్తం తీయించింది. గుండె కాస్త బరువు మోస్తోంది గానీ దెబ్బ తినలేదు, మాత్రలు మానకపోతే చాలంది. అత్త గర్వంగా నా వైపు చూసింది. గిన్నెడు నీళ్ళడిగింది. తాగింది. ఇంకో గిన్నెడు అడిగింది.

డాక్టరు కలం కింద పెట్టింది.

"అత్తా, మీరు ఎప్పుడు చూపించుకున్నారు?"

"ఏం చూపించుకోవాలి?"

"రక్తం, బీపీ, ఏదైనా."

"నేనా? నేను తోడొచ్చాను."

"తోడొచ్చినవాళ్ళకి కూడా ఈ కుర్చీ ఉంది. రండి ఇటు."

"ఈయన్ని చూడమ్మా, నాకేమీ లేదు. ఇంట్లో పనంతా నేనే చేస్తాను." అత్త నవ్వుతూనే కుర్చీలో కూర్చుంది. డాక్టరు వేలికి సూది గుచ్చి, చుక్క తీసి, చిన్న మెషిన్‌లో పెట్టింది. "పాదాలు కూడా చూస్తాను" అంది. అత్త మేజోడు విప్పడానికి సిగ్గుపడింది. విప్పాక అందరం చూశాం. మడమ మీద నాణెమంత పుండు, దాని చుట్టూ ఏదో పూసిన ముదురు నీలం రంగు.

"ఇదేంటి?"

"మార్చిలో బూటు కరిచింది. మానట్లేదని ఈయన మందు రాస్తున్నాడు."

డాక్టరు మామ వైపు చూసింది. మామ పైకప్పు వైపు చూశాడు.

"గొర్రెల గిట్టలకి రాసేది" అన్నాడు. "చాలా మంచి మందు."

అప్పుడే మెషిన్ కూసింది. డాక్టరు అంకె చూసి, మళ్ళీ అత్త వైపు చూసింది. షుగర్ ఉండవలసిన దానికి రెండింతలు దాటి ఉంది. దాహం, మాటిమాటికీ జీపు దిగడం, మానని పుండు, అన్నీ అదేనంది. రేపు పరగడుపున మళ్ళీ చూస్తానంది.

ఏడాదిగా రోజూ పొద్దున్న ఆ మనిషి ఎదురుగా కూర్చుని, తను తాగే గిన్నెలు లెక్కపెట్టి వేళాకోళం చేసినదాన్ని నేను. ఆరేళ్ళు గుర్రం వెనకాల పరిగెత్తాను. గోడకి అవతల కూర్చున్న మనిషిని చూడలేదు. అత్తకి బీపీ ఏటా చూసేదాన్ని, ఏటా బాగుండేది, నా గడి నిండేది. షుగర్ చూసే పట్టీలు నా బీరువాలో లేవు నిజమే. కళ్ళు మాత్రం నాకున్నాయి.

మామ లేచి నిలబడ్డాడు. "ఆవిడకా?" అన్నాడు. "ఇంకోసారి చూడమ్మా. ఆవిడకేమీ ఉండదు. ఆవిడకెప్పుడూ ఏమీ ఉండదు."

మెషిన్ పాడైందని అనలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడకి జబ్బు రావచ్చనే ఊహే ఆయనకి కలగలేదనుకుంటాను. అందరికీ రొట్టె కాల్చే పొయ్యికి జబ్బేమిటి?

బయట వరండా బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అత్త ఒళ్ళో రొట్టెల సంచీ. మామ దాన్ని తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చచ్చిపోతానా ముసలాయనా?" అంది అత్త.

"నాతో పోట్లాడటానికి ఎవరో ఒకరు ఉండాలి కదా" అన్నాడు. "నిన్ను పోనివ్వను."

ఆ రాత్రి అత్త చెల్లెలి ఇంట్లో ఉన్నాం. మర్నాడు పరగడుపున చూస్తే షుగరే. డాక్టరు కళ్ళలోకి దీపం వేసి చూసింది, మూత్రం చూసింది. కళ్ళకీ మూత్రపిండాలకీ ఇంకా ఏమీ కాలేదంది. పుండు కడిగి కట్టు కట్టింది. "ఇంకో రెండేళ్ళు ఇలాగే ఉండి ఉంటే ఈ కాలు గురించి వేరే మాట చెప్పేదాన్ని అత్తా. ఇప్పుడు మాత్రలు, తిండి, నడక. అంతే" అంది. తర్వాత మామ వైపు తిరిగింది. "ఆ నీలం మందు గొర్రెలకే ఉంచండి."

అత్త వెంట ఒక చిన్న మెషిన్, ఒక పెట్టెడు పట్టీలు వచ్చాయి. వారానికి రెండు రోజులు వేలు గుచ్చి చూసి రాయాలి. మామ, అదెంత పని, నేను గుచ్చుతానన్నాడు. జీవితంలో రెండు లక్షల సూదులు వేసి ఉంటాడు. మొదటి రోజు పొద్దున్నే నన్ను గోడ మీద నుంచి పిలిచారు. వెళ్ళేసరికి అత్త చెయ్యి చాపుకుని కూర్చుంది, మామ సూది పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. నుదుటి మీద చెమట.

"కానివ్వు" అంది అత్త.

"నొప్పి పెడుతుందేమో."

"గొర్రెనయితే ఈపాటికి పది సూదులు పొడిచేవాడివి."

"గొర్రె నా మొహంలోకి ఇలా చూడదే ముసల్దానా!"

అత్త సూది లాక్కుని తనే గుచ్చుకుంది. మామ అటు తిరిగి నిలబడ్డాడు. అప్పటినుంచి గుచ్చుకోవడం ఆవిడ పని, రాయడం ఆయన పని. గొర్రెల టీకాల పుస్తకంలోనే ఒక పేజీ కొట్టేసి ఆవిడ పేరు రాశాడు. నేను చూసి నవ్వితే, "నా పుస్తకంలోకెక్కిన ప్రాణి ఏదీ తప్పిపోలేదు" అన్నాడు.

ఇక ఆ ఇంట్లో సుఖం లేదు. ఆయన పెరుగు ఉండ కోసం జేబులో చెయ్యి పెడితే ఆవిడ దగ్గుతుంది. ఆవిడ చక్కెర గడ్డ వైపు చూస్తే ఆయన దగ్గుతాడు. పొద్దున్న టీకి వెళ్తే దగ్గులే దగ్గులు, క్షయ వార్డులో కూర్చున్నట్టుంటుంది. పుండు ఆగస్టుకల్లా మానింది. మామ బీపీ నూట నలభైకి దిగింది. తలనొప్పి పోయిందని ఆయన ఒప్పుకోలేదు. గాలి మారిందన్నాడు.

ఆగస్టు చివర్లో మామ చెప్పాపెట్టకుండా జీపెక్కి జిల్లా కేంద్రానికి వెళ్ళాడు. చోల్పోనాయ్ గది ముందు కూర్చుని, చివరి రోగి బయటికి రాగానే లోపలికి వెళ్ళి చెప్పాడట. "అమ్మా, సెప్టెంబరు ఇరవైన మందలు దిగుతాయి. గొర్రెల్ని లెక్కపెట్టే దడి దగ్గరికి ఊరంతా వస్తుంది. పదకొండు ఊళ్ళలో మా ఒక్క ఊరివాళ్ళని ఒకేచోట పోగేసి ఇస్తాను. జీపు నేను పంపుతాను. నీ గుండె మెషిన్, నీ షుగర్ మెషిన్ పట్టుకుని రా. మందలో ఒకటీ అరా చూసి లాభం లేదు, నీకు తెలియనిదా."

ఆమె వచ్చింది. బడి గదిలో బల్లలు జరిపి చోటు చేశాం. గుమ్మంలో జాబితా పట్టుకుని ఓముర్జాక్ మామ నిలబడ్డాడు. నేను పలకలేని పేర్లన్నీ గొంతెత్తి పిలిచాడు. పొడుగు మామకీ, తేనెటీగల బావగారికీ అసలు పేర్లేమిటో కొందరికి ఆ రోజే తెలిసింది. ఒకాయన, నేను పొలం వెళ్ళాలి, రేపు చూద్దాం అని జారుకోబోతే, "రేపు డాక్టరు ఉండదు, నువ్వు ఉంటావో లేదో అది చెప్పడానికే ఇవాళ వచ్చింది, లోపలికి పో" అన్నాడు. సాయంత్రానికి అరవై నలుగురిని చూసింది. తొమ్మిదిమందికి బీపీ, ఇద్దరికి షుగర్ బయటపడ్డాయి. ఇంకొకరికి గొంతు దగ్గర గడ్డ, రాజధానికి పంపింది. ఆవిడ ఇప్పుడు ఆపరేషన్ అయి, ఇంటికొచ్చి, మా అందరి మీదా అరుస్తోంది. కుమిష్ అవ్వకి ఏ జబ్బూ లేదు. లేదంటే ఆవిడ నమ్మలేదు. ఇంత పొద్దు కూర్చున్నందుకు ఒక మాత్రయినా ఇవ్వమని పట్టుబట్టింది. చోల్పోనాయ్ బలం మాత్ర ఇచ్చింది.

కనుమ మూసుకునేలోపు, అక్టోబరు చివర్లో, మామనీ అత్తనీ మూడు నెలల పరీక్షకి మళ్ళీ రమ్మంది. ఈసారి చెప్పించుకోలేదు. నేను టీకాల కోసం వాళ్ళతోనే వెళ్ళాను. ముందు సీటు ఎవరిదని ఇద్దరూ ఊరి పొలిమేర దాకా పోట్లాడుకుని, చివరికి ఇద్దరూ వెనకే కూర్చున్నారు. జీపు కనుమ మీద ఒక్కసారే ఆగింది. అదీ తాలాయ్ కోసం.

డాక్టరు అన్నీ చూసింది. మామకి బాగుంది. అత్తకి షుగర్ అదుపులో ఉంది, పాదాలు బాగున్నాయి, కళ్ళు బాగున్నాయి. కొత్తగా ఏమీ లేదు, మాత్రలు అవే, కనుమ తెరిచాక రండి అంది.

అత్త కుర్చీలోంచి లేవలేదు.

"అంతేనా?"

"అంతే అత్తా."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

"నూట పది కిలోమీటర్లు వచ్చామమ్మా" అంది అత్త. "ఏమీ లేదని చెప్పించుకోవడానికా?"

"ఈ మాట చెప్పడానికి నాకు ఎంత బాగుంటుందో మీకు తెలీదు అత్తా. రోజుకి ఒకరిద్దరికే చెప్పగలుగుతాను" అంది చోల్పోనాయ్.

అత్త కాసేపు ఆ అమ్మాయి మొహంలోకి చూసింది. ఏమనుకుందో, సంచీలోంచి రొట్టె తీసి బల్ల మీద పెట్టింది. "సన్నగా ఉన్నావు, తిను" అంది.

బయటికొచ్చాక కూడా అత్తకి మనసు కుదుటపడలేదు. ఏమీ లేనిదానికి ఇంత దూరం వచ్చామంటే ఊళ్ళో నవ్వుతారంది. మామ సంతకి నడిపించాడు. అక్కడ ఎర్రపూలున్న పెద్ద ఫ్లాస్కు ఒకటి బేరమాడి కొన్నాడు. తిరిగొచ్చిన సాయంత్రం ఇరుగుపొరుగంతా గోడ దగ్గర చేరి, డాక్టరు ఏమందని అడిగారు.

"డాక్టరా?" అంది బురుల్చా అత్త, ఫ్లాస్కు మూత తిప్పుతూ. "మేం వెళ్ళింది దీనికోసం. ఎలాగూ అటు వెళ్ళాం కదా అని, దారిలో అక్కడ కూడా కాసేపు కూర్చుని వచ్చాం."